రాత్రి తొమ్మిదిన్నరకి ఆ వీధిలో ఎవరున్నారో చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ ఊళ్లో గడియారం సెంటరు పక్కనున్న పాత బజారు వీధిలో సాయంత్రాలు వాహనాలు ఆపేసి, టిఫిన్ బండ్లు, పాటల స్టేజీ, పిల్లల ఆటలు పెట్టాలని వ్యాపారుల సంఘం అనుకుంటోంది. ఆ వీధిలో ఇప్పటికే రెండు సినిమా హాళ్లు, మూడు బార్ అండ్ రెస్టారెంట్లు, ఒక వైన్ షాపు ఉన్నాయి. పిల్లాపాపలతో కుటుంబాలు రావాలి, కుర్రాళ్లూ ఆఫీసుల వాళ్లూ రావాలి, ఒకరి వల్ల ఇంకొకరు ఇబ్బంది పడకూడదు. ఇది అయ్యే పనేనా, కుటుంబాలు రావాలంటే బార్లు తీసేయించాలా అన్నది మీ సందేహం.

అయ్యే పనే. బార్లు తీసేయించాల్సిన అవసరం కూడా లేదు. ఎగ్జిబిషన్లకీ, ఫుడ్ ఫెస్టివల్స్‌కీ, వీధి ఉత్సవాలకీ లేఅవుట్లు వేయడమే 22 ఏళ్లుగా నా పని. ఇన్నేళ్లలో నాకు గట్టిగా తెలిసింది ఒకటుంది. చంటిబిడ్డతో వచ్చిన తల్లి, మోకాళ్ల నొప్పులున్న నానమ్మ ఒక రెండు గంటలు హాయిగా గడిపేలా వీధిని తయారుచేస్తే మిగతావాళ్లంతా పిలవకపోయినా వస్తారు. ముందు కుర్రాళ్ల కోసం తయారుచేసి, జనం అలవాటుపడ్డాక కుటుంబాలను పిలుద్దామనుకుంటే ఆ కుటుంబాలు ఇక రావు. "సాయంత్రం పూట అటు వెళ్లకండి" అని ఇంట్లో ఒకసారి మాట పడిందంటే దాన్ని మార్చడానికి ఏళ్లు పడుతుంది.

ఇది నా తప్పు నుంచే నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక కోస్తా పట్టణంలో మూడు రోజుల ఫుడ్ ఫెస్టివల్‌కి లేఅవుట్ నాదే. స్టేజీ, లైటింగ్, నలభై స్టాళ్లు అన్నీ బాగానే కుదిరాయి. మొదటి రోజు సాయంత్రం ఏడున్నరకి ఇసకేస్తే రాలనంత జనం. తొమ్మిదయ్యేసరికి చూస్తే పిల్లలనేవాళ్లు లేరు. ఆడవాళ్లు కూడా అక్కడొకరు ఇక్కడొకరు. రెండో రోజు కారణం తెలుసుకుందామని గేటు దగ్గర నిలబడ్డాను. ఎనిమిదింబావుకి ఒకావిడ ఆరేడేళ్ల పాప చేయి పట్టుకుని గబగబా వస్తోంది. వెనకాల భర్త, అత్తగారు, చంకలో ఇంకో పిల్లాడు. "అప్పుడే వెళ్లిపోతున్నారేంటమ్మా, పాటలు ఇప్పుడే మొదలయ్యాయి కదా" అన్నాను. "పాపకి బాత్రూం వస్తోందండీ, ఇంటికెళ్లిపోతున్నాం" అంది.

బాత్రూములు ఉన్నాయి. స్టేజీ వెనక, జనరేటర్ పక్కన, చీకట్లో పెట్టించింది నేనే. ఆ దారిలో సిగరెట్లు కాలుస్తూ పది మంది మగవాళ్లు నిలబడి ఉన్నారు. ఆవిడ అక్కడిదాకా వెళ్లి, చూసి, వెనక్కి తిరిగింది. అంటే ఆ ఒక్క కారణంతో అయిదుగురున్న కుటుంబం భోజనం చేయకుండా వెళ్లిపోయింది. మూడో రోజు పొద్దున్నే ఆ బాత్రూములను గేటు లోపలికి అడుగుపెట్టగానే కనపడే చోటికి మార్పించి, పైన రెండు ట్యూబులైట్లు వేయించి, ఒక ఆయమ్మను, నీళ్ల డ్రమ్మును, సబ్బును పెట్టించాను. ఆ రాత్రి పది గంటలకి కూడా పిల్లలు బుడగలు పట్టుకుని తిరుగుతూ కనిపించారు. అప్పటి నుంచి ఏ లేఅవుట్ వేసినా కాగితం మీద మొదటి గీత బాత్రూములదే. స్టేజీ ఎక్కడ అన్నది తర్వాత.

కుటుంబం ఒక చోటికి వెళ్లాలా వద్దా అన్నది ఇంట్లో ఆడవాళ్లు తేలుస్తారు. వాళ్లు చూసుకునేవి మూడే. పిల్లకి అవసరమైతే ఎక్కడికి తీసుకెళ్లాలి, అత్తగారు ఎక్కడ కూర్చుంటారు, రాత్రి ఇంటికి ఎలా చేరతాం. వీటికి మీ వీధి దగ్గర జవాబుంటే మిరుమిట్లు గొలిపే లైట్లు లేకపోయినా వస్తారు.

మన దగ్గర ఇది ఎంత బాగా చేయొచ్చో చూడాలంటే హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్‌కి వెళ్లండి. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, తర్వాత నాంపల్లి మైదానానికి మారింది. సాధారణంగా ఏటా జనవరి 1న మొదలై దాదాపు 46 రోజులు సాగుతుంది. ఒక కుటుంబం లోపలికి వెళ్లిందంటే తలా ఒక పని ఉంటుంది. పిల్లలు చిన్న రైలెక్కుతారు, అమ్మ లక్నో చికన్‌కారీ కుట్టుపని డ్రెస్సులు బేరమాడుతుంది, నానమ్మ కశ్మీర్ శాలువా వేలితో నలిపి చూస్తుంది, నాన్న మిర్చి బజ్జీ దగ్గర ఆగుతాడు. కాలేజీ కుర్రాళ్లకి జెయింట్ వీల్ ఉంది. ఎవరి సరదా వాళ్లదే అయినా అందరూ నడిచేది ఒకే దారుల్లో. అందుకే అక్కడ రాత్రి పదింటికి కూడా అన్ని వయసుల వాళ్లూ కలిసి కనిపిస్తారు. ఆడవాళ్లకే ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించే ఆనవాయితీ కూడా ఉంది. ఇంకో విషయం కూడా గుర్తుపెట్టుకోండి. 2019 జనవరి 30 రాత్రి అక్కడ అగ్నిప్రమాదం జరిగి వందల స్టాళ్లు కాలిపోయాయి. ప్రాణనష్టం జరగకపోవడం అదృష్టం. మీ వీధిలో స్టాళ్లు రెండు వైపులా వేసినా మధ్యలో ఫైరింజను వెళ్లేంత ఖాళీ వదలండి. "ఇంకో వరస వేస్తే అద్దె వస్తుంది కదా" అని సంఘంలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి.

నుమాయిష్‌కి గేటు, టికెట్టు ఉన్నాయి, మాది మామూలు వీధి కదా అంటారేమో. 2021లో ట్యాంక్ బండ్ మీద ఆదివారం సాయంత్రాలు 5 నుంచి 10 దాకా వాహనాలు ఆపినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. కొత్తగా కట్టిందేమీ లేదు. రోడ్డు, చెరువు, విగ్రహాలు అన్నీ ఎప్పటివో. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి ఒకాయన ఆ రోడ్డు నడిమధ్యలో కూతురికి సైకిల్ నేర్పుతున్నాడు. సీటు వెనక పట్టుకుని పరిగెత్తుతున్నాడు. మామూలు రోజుల్లో ఆ చోట బస్సులు, లారీలు. ఆ పిల్ల పడింది, లేచింది, మళ్లీ ఎక్కింది. పక్కనే నలుగురు కుర్రాళ్లు గిటార్ వాయించుకుంటూ కూర్చున్నారు. పిల్ల తిన్నగా తొక్కగానే వాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. మీరు కోరుకుంటున్నది సరిగ్గా ఇదే. దానికి ముందుగా కావలసింది వాహనాల భయం లేకపోవడం. ఆ అక్టోబరులో చార్మినార్ దగ్గర కూడా ఆదివారం సాయంత్రాలు ఇలాగే మొదలుపెడితే పాతబస్తీ కుటుంబాలతో పాటు ఊరి నలుమూలల నుంచీ జనం వచ్చారు. రంజాన్ నెలలో ఆ ప్రాంతం తెల్లవారుజాము దాకా ఆడవాళ్లతో, పిల్లలతో కిటకిటలాడటం మనకి కొత్త కాదు. చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్ గాజుల దుకాణాలు తెరిచి ఉన్నంతసేపూ ఆ వీధిలో భయమనిపించదు.

అంటే మీ వీధిలో ఆడవాళ్లు కొనే వస్తువుల దుకాణాలు రాత్రి తొమ్మిదిన్నర, పది దాకా తెరిచి ఉండాలి. గాజులు, ఫ్యాన్సీ, చీరలు, స్టీలు సామాన్లు ఏవైనా సరే. ఎనిమిదిన్నరకి షట్టర్లు దించేస్తే వీధిలో మిగిలే వెలుతురు బార్ల బోర్డులదే అవుతుంది. ఎనిమిదిన్నర నుంచి పది దాకా ఉండే ఆ గంటన్నర మీద మీ వీధి భవిష్యత్తంతా ఆధారపడి ఉంది. ఆ సమయంలోనే కుటుంబాలు భోజనం ముగించుకుని ఐస్‌క్రీం తింటుంటాయి, పిల్లలు లేకుండా వచ్చేవాళ్లు అప్పుడే దిగుతుంటారు. రెండు గుంపులూ ఒకళ్లనొకళ్లు చూసుకునే వేళ అది. అప్పుడు దుకాణాల వెలుతురు, పూలమ్మే ఆవిడ, పిల్లల నవ్వులు ఉంటే వచ్చే కుర్రాళ్లు కూడా తమంతట తామే మర్యాదగా ఉంటారు. ఇది నేను ఎన్నిసార్లు కళ్లారా చూశానో చెప్పలేను.

ఇండోర్ సరాఫా బజారుకి ఎప్పుడైనా వెళితే ఒక పూటంతా అక్కడే ఉండి గమనించండి. పగలు నగల దుకాణాలు. రాత్రి అవి మూసేశాక వాటి ముందే చాట్, జిలేబీ, గరాడు (వేయించిన దుంప ముక్కలు) బండ్లు వెలుస్తాయి. అర్ధరాత్రి దాటినా జనం పలచబడరు. రాత్రంతా మనుషులు తిరుగుతుంటే దుకాణాలకి కాపలా ఉన్నట్టే కదా అని నగల వ్యాపారులే దీన్ని ప్రోత్సహించారని అక్కడివాళ్లు చెబుతారు. అహ్మదాబాద్ మాణెక్ చౌక్ కూడా అంతే, పొద్దున కూరగాయలు, మధ్యాహ్నం బంగారం, రాత్రి తిండి. ఒకే నేలను గడియారం చూసి పంచుకుంటున్నారు. మీరు కుటుంబాలకి ఒక వీధి, పిల్లలు లేకుండా వచ్చేవాళ్లకి ఒక వీధి అని విడదీయాలని చూస్తున్నట్టు అనిపించింది. స్థలాన్ని విడదీయకండి, వేళల్ని పంచండి. విడదీస్తే రెండో వీధి రెండేళ్లలో ఎవరూ వెళ్లని చోటు అయిపోతుంది.

ఇక మందు విషయం. అందరూ లోపల అనుకుని పైకి అనని విషయం ఇదే కాబట్టి సూటిగా రాస్తాను. లోపల కూర్చుని తాగే బార్ అండ్ రెస్టారెంట్ వల్ల కుటుంబాలు పారిపోవు. మెట్లెక్కి పైకి వెళ్లి, ఏసీలో కూర్చుని, భోజనం చేసి దిగిపోయేవాళ్లు ఎవరినీ ఏమీ అనరు. కుటుంబాలను తరిమేది వైన్ షాపు ముందు గుంపు. కౌంటర్ దగ్గర తోపులాట, ప్లాస్టిక్ గ్లాసులు, రోడ్డు మీదే సీసా మూత తీయడం, పర్మిట్ రూం నుంచి బయటికి పొంగిపొర్లే జనం. స్కూలు పిల్లతో ఆ ముందు నుంచి నడవాలంటే ఏ తల్లికైనా టెన్షనే. మీ శక్తంతా ఆ ఒక్క షాపు మీద పెట్టండి. ఎక్సైజ్ అధికారులతో, షాపు యజమానితో కూర్చుని, ద్వారం పక్క సందులోకి తిప్పించగలరా, లైసెన్సు మారేటప్పుడు వేరే చోటికి పంపగలరా చూడండి. అది కుదిరేదాకా కనీసం ఆ షాపు ముందు వంద అడుగుల్లో ఎవరూ నిలబడి తాగకుండా ఇద్దరు మనుషుల్ని పెట్టండి. బార్లకైతే నేను చెప్పేవి తక్కువే. ద్వారం దగ్గర ఐడీ చూడాలి, మన రెండు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండాలి. పొగతాగే చోటు వెనక వైపు ఉండాలి. గ్లాసు గడప దాటకూడదు.

ఇది మన దగ్గర సాగదని ఎవరైనా అంటే సింగపూర్ సంగతి చెప్పండి. 2015లో తెచ్చిన చట్టంతో అక్కడ రాత్రి 10:30 నుంచి పొద్దున 7 దాకా బహిరంగ ప్రదేశాల్లో తాగడం, షాపుల్లో సీసాలు పార్శిల్ అమ్మడం ఆపేశారు. లైసెన్సున్న బార్లను మూయించలేదు. క్లార్క్ కీ లాంటి చోట్ల నది ఒడ్డున రెస్టారెంట్లు, బార్లు నడుస్తూనే ఉన్నాయి. కోపెన్‌హేగెన్‌లో టివోలీ ఉద్యానం 1843లో ఊరి శివార్లలో మొదలైంది, ఇప్పుడు ఊరి మధ్యలో, రైల్వే స్టేషన్ పక్కనే ఉంది. 1914 నాటి చెక్క రోలర్ కోస్టరు, కచేరీలు, బీరు వడ్డించే రెస్టారెంట్లు అన్నీ ఒకే ప్రహరీలో ఉన్నాయి. తాతలు మనవలను తీసుకుని వెళతారు. తాగేవాళ్లు బల్ల దగ్గర కూర్చుని తాగుతారు, అంతే తేడా.

న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్ కూడా ఒకప్పుడు పిల్లలతో వెళ్లగలిగే చోటు కాదు. 1970లు, 80ల్లో 42వ వీధి బూతు సినిమాలకి, దోపిడీలకి పేరుపడింది. 1997లో పాతబడిన న్యూ ఆమ్‌స్టర్‌డామ్ థియేటర్‌ను డిస్నీ బాగుచేసి తెరిచాక పిల్లలతో కుటుంబాలు రావడం పెరిగింది. 2009 మే నెలలో బ్రాడ్‌వే మీద కొంత మేర వాహనాలు ఆపేశారు. ఖరీదైన బెంచీలు తయారయ్యేదాకా ఆగకుండా, తోటల్లో వాడే చవక మడత కుర్చీలు తెచ్చి రోడ్డు మీద వేశారు. జనం వాటిలోనే కూర్చున్నారు. తర్వాత బొమ్మల వేషాలు వేసుకుని ఫొటోలకి డబ్బులడిగేవాళ్ల వేధింపు ఎక్కువైతే, వాళ్లను తరిమేయకుండా 2016లో నేల మీద రంగు వేసి, మీరు ఈ గీతల లోపలే అడగాలి అన్నారు. నాకు ఆ కుర్చీలు, ఆ రంగు గీతలు రెండూ చాలా నచ్చాయి. రెండూ మీ సంఘం రేపే చేయగలిగిన పనులు. టెంట్ హౌస్ నుంచి రెండొందల ప్లాస్టిక్ కుర్చీలు, నాలుగు డబ్బాల పెయింటు.

కుర్చీలు అన్నాను కాబట్టి ఇంకొంచెం. టిఫిన్ బండ్ల దగ్గర మాత్రమే కుర్చీలు వేస్తే "ఏం కొంటారు" అని అడుగుతారన్న మొహమాటంతో పెద్దవాళ్లు నిలబడే ఉంటారు. ఏమీ కొనకపోయినా కూర్చోగలిగే చోటు ప్రతి యాభై అడుగులకీ ఉండాలి. నానమ్మ కూర్చుంటే కుటుంబం ఇంకో గంట ఉంటుంది. పిల్లలకి కూడా డబ్బు ఖర్చవని ఆట ఒకటి తప్పకుండా పెట్టండి. అన్నీ టికెట్టు ఆటలే అయితే ఇద్దరు పిల్లలున్న తండ్రి ఒకసారి వచ్చి, జేబు చూసుకుని, మళ్లీ నెలదాకా రాడు. ఒక ఇసుక గుంట, రెండు ఉయ్యాలలు, సుద్దముక్కలతో గీసుకోవడానికి ఒక నల్ల గోడ చాలు. వాటిని టిఫిన్ బండ్లకి ఎదురుగా పెట్టండి. పిల్లలు కళ్ల ముందు ఆడుకుంటుంటే తల్లిదండ్రులు నిమ్మళంగా దోశ తింటారు.

స్టేజీని వీధి చివర పెట్టి స్పీకర్లను వీధి పొడవునా తిప్పే పొరపాటు చాలామంది చేస్తారు. నేనూ చేశాను. పక్కనున్న మనిషితో మాట్లాడలేని చోట కుటుంబాలు పావుగంట కూడా ఉండవు. ఒక పెద్ద స్టేజీకి బదులు మూడు చిన్నవి పెట్టండి. ఒకదాంట్లో బుర్రకథో, హరికథో, మ్యాజిక్ షోనో ఏడింటికి. ఇంకోదాంట్లో ఎనిమిదిన్నరకి పాత సినిమా పాటలు. మూడోది కుర్రాళ్ల బ్యాండుకి, బార్లున్న వైపు. పాత పాటలంటే తాతకీ ఇష్టమే, తాగి వచ్చినవాడికీ ఇష్టమే, కాబట్టి మధ్య స్టేజీ అదే ఉండాలి. శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 తర్వాత బయట లౌడ్ స్పీకర్లు కుదరవు, వ్యాపార ప్రాంతాల్లో పగలు 65, రాత్రి 55 డెసిబెల్స్ పరిమితి. మేడల మీద కాపురముండే వాళ్లు మీ వీధిలోనూ ఉంటారు. వాళ్లు ఫిర్యాదు చేసేదాకా తెచ్చుకోకండి. మొదటి వారమే వెళ్లి మాట్లాడండి.

ఇప్పటికే అక్కడున్న బండ్ల వాళ్లను ఖాళీ చేయించి, కొత్తగా ఒకే రంగు స్టాళ్లు కట్టి వేలం వేద్దామని సంఘంలో ఆలోచన ఉంటే దయచేసి మానండి. 2014 వీధి వ్యాపారుల చట్టం వాళ్లకి రక్షణ ఇచ్చింది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వాళ్ల ప్రతినిధులే ఉండాలి, అందులో మూడోవంతు మహిళలు. చట్టం సంగతి అటుంచినా, ఇరవై ఏళ్లుగా అదే మూల మీద పునుగులు వేసే ఆవిడకి ఆ వీధిలో ప్రతి మొహం తెలుసు. ఎవడైనా ఆడపిల్ల వెంటపడితే సీసీ కెమెరా కంటే ముందు ఆవిడే కేకేస్తుంది. ఆవిడని ఉన్న చోటే ఉంచి, పైన మంచి లైటు, పక్కన నీళ్ల కుళాయి, చెత్తబుట్ట ఇవ్వండి.

ఇంటికి చేరే దారి గురించి కూడా ఇప్పుడే ఆలోచించండి. ఆటో స్టాండు వీధి మొదట్లో, వెలుతురులో, రేట్లు రాసిన బోర్డుతో ఉండాలి. ఆర్టీసీ డిపో మేనేజర్‌ని కలిసి ఆదివారం చివరి బస్సులు పదిన్నర దాకా గడియారం సెంటర్ మీదుగా వెళ్లేలా అడగండి. పార్కింగ్ దూరంగా ఉన్నా ఫరవాలేదు, ఆ దారిలో చీకటి మాత్రం ఉండకూడదు.

ప్రారంభోత్సవం, ఆర్చీలు, ఫౌంటెన్ ఇవేవీ ఇప్పుడు వద్దు. వరసగా ఎనిమిది ఆదివారాలు, సాయంత్రం 5 నుంచి 10:30 దాకా వాహనాలు ఆపి చూడండి. ఒక్క ఆదివారం కూడా తప్పించకండి. ఈ వారం ఉందో లేదో అని ఫోన్ చేసి కనుక్కోవాల్సి వస్తే జనానికి అలవాటు కాదు. ప్రతి వారం ఒకే మనిషిని ఒకే చోట, సినిమా హాలు ఎదురుగా నిలబెట్టండి. ఏడున్నరకి ఒకసారి, తొమ్మిదిన్నరకి ఒకసారి, పావుగంట పాటు దాటుకుంటూ వెళ్లేవాళ్లలో ఆడవాళ్లు, పిల్లలు, అరవై దాటినవాళ్లు, మిగతావాళ్లు ఎందరో నోటుపుస్తకంలో గీతలు గీసి లెక్కపెట్టమనండి. ఏడున్నర లెక్క చూసి సంబరపడకండి, ఆ వేళకి ఎక్కడైనా జనం ఉంటారు. తొమ్మిదిన్నర లెక్కలో ఆడవాళ్లు, పిల్లలు వారం వారం పెరుగుతుంటే మీ దారి సరైనది. తగ్గుతుంటే ఆ వారం ఏ లైటు ఆరిపోయింది, ఏ దుకాణం ముందే మూసింది, వైన్ షాపు ముందు ఏం జరిగింది అని నడిచి చూడండి. కారణం అక్కడే దొరుకుతుంది.

వీధి పొడవు, వెడల్పు, కరెంటు స్తంభాలు, మురుగు కాలువ మ్యాన్‌హోళ్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టి ఒక కాగితం మీద గీసి ఇక్కడే పెట్టండి. బాత్రూములు ఎక్కడ రావాలో, ఆయమ్మ ఎక్కడ కూర్చోవాలో ముందు గీసిస్తాను. మిగతావి దాన్నిబట్టి చూద్దాం.